కుదురు మీద బిందె, బిందె మీద చెయ్యి



ఈ రోజు ఒక రకం అణువుల గురించి చెప్పుకుందాం. ఈ అణువుకు ఒక వలయం ఉంటుంది. ఆ వలయం పక్కన ఒక చెయ్యి ఉంటుంది. వలయమూ చెయ్యీ కలిసి ఒక లోహపు అయాన్‌ను పట్టుకుంటాయి. రసాయన శాస్త్రంలో వీటిని లారియట్ ఈథర్లు అంటారు. పేరు మీకు కొత్త కావచ్చు. అది చేసే పని మాత్రం మీకు బాగా తెలిసిందే.

బావి నుంచో చెరువు నుంచో నీళ్లు మోసుకొచ్చే ఆడవాళ్లను మీరు చూసే ఉంటారు. మీలో చాలామంది స్వయంగా మోసి ఉంటారు. బిందె అడుగు గుండ్రం. నెత్తి కూడా గుండ్రమే. గుండ్రం మీద గుండ్రం నిలవదు. అందుకని పాత చీర పేలికను మెలిపెట్టి, చుట్టగా చుట్టి, నడినెత్తిన పెట్టుకుంటారు. అదే చుట్టకుదురు. బిందె దాని మధ్యలో కూర్చుంటుంది. చదునైన నేల మీద నాలుగడుగులు వేయడానికి అది చాలు. గట్టెక్కాలన్నా, ఎత్తుపల్లాల దారిలో నడవాలన్నా ఒక చెయ్యి పైకి లేస్తుంది. బిందె మెడను పట్టుకుంటుంది. కింద కుదురు, పైన చెయ్యి. ఇల్లు చేరగానే ఆ చెయ్యే బిందెను దింపుతుంది.

ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఇందులోనే ఉంది. కుదురు బిందెను నిలబెడుతుంది. చెయ్యి పట్టు ఇస్తుంది. అవసరమైనప్పుడు దింపేది కూడా ఆ చెయ్యే. కాసేపు దీన్ని గుర్తుంచుకోండి.

ఇప్పుడు అయాన్ల సంగతి. మనం తినే ఉప్పులో సోడియం ఉంది. అరటిపండులో, కొబ్బరినీళ్లలో పొటాషియం ఉంది. ఒంట్లోకి చేరాక ఈ రెండూ అయాన్లుగా, అంటే ఆవేశమున్న పరమాణువులుగా తిరుగుతాయి. రెండింటికీ ఒక్కొక్క ధనావేశం. ఆవేశంలో తేడా లేదు. తేడా సైజులో ఉంది. సోడియం అయాన్ వ్యాసం సుమారు 2 ఆంగ్‌స్ట్రామ్‌లు. పొటాషియం అయాన్ వ్యాసం సుమారు 2.8 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు. అంటే తేడా ఒక్క ఆంగ్‌స్ట్రామ్ కూడా లేదన్నమాట.

అంత చిన్న తేడాతో మనకేం పని అంటారా? ప్రాణం దాని మీదే నడుస్తోంది. వడదెబ్బ తగిలినా, వాంతులు విరేచనాలు అయినా, కిడ్నీ సరిగా పనిచేయకపోయినా డాక్టరుగారు వెంటనే ఒక రక్తపరీక్ష రాస్తారు. ఎలక్ట్రోలైట్స్ పరీక్ష. ఆ కాగితం మీద సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. పొటాషియం మూడున్నర నుంచి 5 మధ్య ఉండాలి. గమనించండి, ఒక పొటాషియం అయాన్‌కు ముప్పైకి పైగా సోడియం అయాన్లు ఉన్నాయి. అంత గుంపులోంచి పొటాషియాన్ని మాత్రమే ఏరి కొలవాలి. పొటాషియం 5 దాటి 7 దగ్గరికి వెళ్లిందంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ కొలతలో పొరపాటు ఉండకూడదు.

మరి ఏరేది ఎవరు? సైజు చూసి, ఇది సోడియం, ఇది పొటాషియం అని పోల్చుకోగలిగే అణువు ఒకటి కావాలి. అలాంటి అణువులను మనిషి మొట్టమొదట ఎలా తయారు చేశాడో చెబుతాను. అది అనుకోకుండా జరిగింది.

ఛార్లెస్ పెడర్సన్ అని ఒక రసాయన శాస్త్రవేత్త. 1904లో కొరియాలోని బుసాన్‌లో పుట్టారు. తండ్రి నార్వే మనిషి, తల్లి జపాన్ మనిషి. చదువుకోవడానికి అమెరికా వెళ్లారు. మాస్టర్స్ డిగ్రీ దగ్గర చదువు ఆపేశారు. పీహెచ్‌డీ చేయలేదు. డ్యూపాంట్ కంపెనీలో చేరి, నాలుగు దశాబ్దాలకు పైగా అక్కడే పనిచేశారు.

1960ల మొదట్లో ఆయన వనేడియం అనే లోహాన్ని పట్టుకునే ఒక పదార్థం తయారు చేయాలనుకున్నారు. మొదలుపెట్టిన ముడిసరుకు పూర్తిగా శుద్ధమైనది కాదు. అందులో సుమారు 10 శాతం కాటెకోల్ అనే మరో పదార్థం కలిసి ఉంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే వాడారు. చివరికి జిడ్డు జిడ్డుగా ఏదో వచ్చింది. దాన్ని శుద్ధి చేస్తుంటే కొంచెం తెల్లని స్ఫటికాలు కనిపించాయి. పట్టుదారాల్లా పీచులు పీచులుగా ఉన్నాయి. దిగుబడి ఎంతో తెలుసా? 0.4 శాతం. నూటికి అర పాలు కూడా కాదు.

ఇంకొకరైతే పారబోసేవారు. ఆయన పారబోయలేదు. నా దృష్టిలో పెడర్సన్ గొప్పతనమంతా ఆ పూట చూపిన శ్రద్ధలోనే ఉంది. ఆ స్ఫటికాలను మిథనాల్‌లో వేశారు. సరిగా కరగలేదు. కాస్త సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం కలిపారు. కరిగిపోయాయి. ఇది క్షారం వల్ల జరిగిందా, సోడియం వల్ల జరిగిందా? అసలు ప్రశ్న అదే. ఆయన క్షారం మానేసి, మామూలు సోడియం లవణాలు వేసి చూశారు. అప్పుడూ కరిగింది. అంటే క్షారానికి సంబంధం లేదు. ఈ పదార్థం సోడియం అయాన్‌ను పట్టుకుంటోంది. అప్పటిదాకా సోడియం, పొటాషియం లాంటి లోహాలను ఇలా పట్టుకునే కృత్రిమ పదార్థం రసాయన శాస్త్రవేత్తల చేతిలో లేదు.

ఆ అణువు ఒక వలయం. వలయంలో మొత్తం 18 పరమాణువులు. వాటిలో 6 ఆక్సిజన్లు. మిగిలినవి కార్బన్లు. రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్, మళ్లీ రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్. అలా చుట్టూ తిరిగి మొదటికి వస్తుంది. అయాన్ మీద కూర్చున్నప్పుడు కిరీటంలా కనిపించిందని పెడర్సన్ వీటికి క్రౌన్ ఈథర్లు అని పేరు పెట్టారు. 18 పరమాణువులు, 6 ఆక్సిజన్లు ఉన్న వలయాన్ని 18-క్రౌన్-6 అంటారు. 15-క్రౌన్-5 అంటే 15 పరమాణువులు, 5 ఆక్సిజన్లు. 12-క్రౌన్-4 కూడా అంతే. లెక్క సులువు.

1967లో ఆయన ఈ పని ప్రచురించారు. 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయన వయసు 83. జీన్ మారీ లేన్, డోనాల్డ్ క్రామ్ అనే ఇద్దరితో కలిసి అందుకున్నారు.

ఇప్పుడు మన కుదురు దగ్గరికి వద్దాం. ఆక్సిజన్ పరమాణువు దగ్గర కొంచెం ఋణావేశం పోగై ఉంటుంది. అయాన్‌ది ధనావేశం. రెండూ దగ్గరికి లాక్కుంటాయి. క్రౌన్ ఈథర్‌లో ఆక్సిజన్లన్నీ వలయం లోపలికి తిరిగి నిలబడతాయి. మధ్యలో ఖాళీ ఉంటుంది. అయాన్ ఆ ఖాళీలో కూర్చుంటుంది. ఖాళీ ఎంత ఉందన్నదే ముఖ్యం. 18-క్రౌన్-6 మధ్య ఖాళీ సుమారు 2.6 నుంచి 3.2 ఆంగ్‌స్ట్రామ్‌లు. పొటాషియానికి సరిపోయింది. 15-క్రౌన్-5 ఖాళీ ఇంకా చిన్నది. సోడియం అందులో ఇముడుతుంది. పెద్ద కుదురులో చిన్న చెంబు పెడితే జారిపోతుంది. చిన్న కుదురు మీద పెద్ద కడవ పెడితే ఊగుతుంది. మిథనాల్‌లో కొలిచి చూస్తే, 18-క్రౌన్-6 సోడియం కన్నా పొటాషియాన్ని దాదాపు 50 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. అయితే సైజు ఒక్కటే అన్నీ తేల్చదు. ఆక్సిజన్లు ఎన్ని, వలయం ఎంత మెత్తగా వంగుతుంది, చుట్టూ ఉన్న ద్రవం ఏది, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. కాని మొదటి మెట్టు సైజే.

ఇంకో చక్కని సంగతి. ఈ వలయం లోపల ఆక్సిజన్లు, బయట కార్బన్, హైడ్రోజన్లు. బయటి వైపు నూనె గుణం. కాబట్టి అయాన్‌ను లోపల పెట్టుకుని నూనెలాంటి ద్రవాల్లో కూడా ఈ అణువు తిరగగలదు. పొటాషియం పర్మాంగనేట్ మీకు తెలుసు. ముదురు ఊదారంగు పలుకులు. నీళ్లలో వేయగానే రంగు పరుచుకుంటుంది. బెంజీన్‌లో వేస్తే అడుగున అలాగే ఉండిపోతుంది. అదే బెంజీన్‌లో కొంచెం క్రౌన్ ఈథర్ కలిపితే ద్రవమంతా ఊదారంగుకు తిరుగుతుంది. పొటాషియాన్ని వలయం పట్టుకుని ద్రవంలోకి తెచ్చింది. దాని వెంట పర్మాంగనేట్ కూడా వచ్చింది. ఇది శాస్త్రవేత్తల ప్రయోగశాలలో చూడాల్సినది. బెంజీన్ విషపూరితం. ఇంట్లోనో బడిలోనో చేయవద్దు.

వలయం సైజు చూస్తుంది. ఇది మొదటి మాట. ఇక రెండో మాట, చెయ్యి.

వలయానికి ఒక లోటు ఉంది. అది చదునుగా ఉంటుంది. అయాన్ గుండ్రటి బంతి. నడుము చుట్టూ ఆక్సిజన్లు ఉన్నాయి, సరే. పైన ఖాళీ, కింద ఖాళీ. చుట్టూ ఉన్న నీటి అణువులు ఆ ఖాళీలోంచి వచ్చి అయాన్‌ను తమ వైపు లాగుతాయి. నీళ్లలో క్రౌన్ ఈథర్ పట్టు బాగా తగ్గిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. చెయ్యి పట్టని బిందె కుదుపుకు ఒరిగినట్టే.

దీనికి లేన్ ఒక విరుగుడు కనిపెట్టారు. 1969లో ఆయన వలయం మీదుగా మరో వంతెన కట్టి, దాన్ని పంజరంగా మార్చారు. క్రిప్టాండ్ అని పేరు పెట్టారు. అయాన్ పంజరంలో చిక్కుకుంటే పట్టు విపరీతంగా పెరుగుతుంది. క్రౌన్ ఈథర్ కన్నా ఎన్నో వేల రెట్లు. కాని మరో చిక్కు వచ్చింది. అయాన్ పంజరంలోకి వెళ్లడం నిదానం, బయటికి రావడం ఇంకా నిదానం. బిందెను తాళ్లతో తలకు కట్టేసుకుంటే పడదు, నిజమే. దింపాలంటే ముడులు విప్పుతూ కూర్చోవాలి.

ప్రకృతి ఈ పని ఎలా చేస్తోందో చూడండి. మట్టిలో ఉండే ఒక రకం బాక్టీరియా వాలినోమైసిన్ అనే పదార్థం తయారు చేస్తుంది. అదీ వలయమే. 36 పరమాణువుల పెద్ద వలయం. కాని చదునుగా ఉండదు. పొటాషియం చుట్టూ ముడుచుకుని, ఆరు ఆక్సిజన్లతో అన్ని వైపుల నుంచీ పట్టుకుంటుంది. సోడియం కన్నా పొటాషియాన్ని సుమారు 10,000 రెట్లు ఎక్కువగా కోరుకుంటుంది. కణం పొర ఒక పక్కన పొటాషియాన్ని ఎక్కించుకుని, రెండో పక్కన దింపేస్తుంది. మళ్లీ వెనక్కి వస్తుంది. గట్టిగా పట్టుకోవడమే కాదు, చప్పున వదలడం కూడా తెలిసిన అణువు అది. ఇందాక చెప్పిన రక్తపరీక్ష యంత్రాల్లో పొటాషియాన్ని ఏరే పదార్థంగా చాలాచోట్ల వాడేది ఈ వాలినోమైసిన్‌నే.

సరే, మనిషి దీన్ని తన చేత్తో తయారు చేయగలడా? అన్ని వైపులా చుట్టుకోవాలి. పంజరంలా బిగుసుకుపోకూడదు. తొందరగా ఎక్కాలి, తొందరగా దిగాలి.

జార్జ్ గోకెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1980లో దీనికి దారి చూపించారు. ఆయన వలయాన్ని వలయంగానే ఉంచారు. దాని పక్కన ఒక పొడుగాటి గొలుసు తగిలించారు. ఆ గొలుసులో కూడా ఆక్సిజన్లు పెట్టారు. అదే పక్క చెయ్యి. పశువులను పట్టుకోవడానికి అమెరికా పశువుల కాపరులు విసిరే ఉచ్చుతాడు పేరు మీదుగా లారియట్ ఈథర్ అన్నారు. మనకు మాత్రం ఇది కుదురూ చెయ్యీ.

జరిగేది ఇది. అయాన్ వచ్చి వలయంలో కూర్చుంటుంది. చెయ్యి అప్పటిదాకా ద్రవంలో అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. అయాన్ కూర్చున్నాక చెయ్యి ఒంగి వలయం మీదికి వస్తుంది. దాని ఆక్సిజన్ అయాన్ పైభాగాన్ని అందుకుంటుంది. పైన ఖాళీ మూసుకుంటుంది. నీటి అణువుకు చోటు తగ్గుతుంది. స్ఫటికాలను ఎక్స్‌కిరణాలతో పరీక్షించినప్పుడు చెయ్యి అలా ఒంగి ఉండటం స్పష్టంగా కనిపించింది. చెయ్యి ఒంగుతుంది, అందుకుంటుంది. మళ్లీ అవసరమైతే లేస్తుంది. వంతెన కట్టలేదు కాబట్టి దారి తెరిచే ఉంటుంది.

చెయ్యిని ఎక్కడ తగిలించాలన్నది కూడా పెద్ద విషయమే. వలయంలోని కార్బన్‌కు తగిలించవచ్చు. లేదా ఒక ఆక్సిజన్ స్థానంలో నైట్రోజన్‌ను పెట్టి, దానికి తగిలించవచ్చు. నైట్రోజన్‌కు ఒక సుగుణం ఉంది. అది తన మూడు బంధాలను ఈ పక్క నుంచి ఆ పక్కకు తేలిగ్గా తిప్పుకోగలదు. కాబట్టి చెయ్యి వలయానికి పైనుంచైనా రాగలదు, కిందనుంచైనా రాగలదు. కార్బన్‌కు ఆ వీలు లేదు. ఎటు తగిలిస్తే అటే.

చెయ్యి పొడవు సంగతి నాకు చాలా ఇష్టమైనది. వినండి. నైట్రోజన్ ఉన్న 15 పరమాణువుల వలయం తీసుకున్నారు. ముందు ఆక్సిజన్ లేని ఉత్త కార్బన్ల గొలుసును తగిలించారు. సోడియాన్ని ఏదో కొంచెం పట్టుకుంది. తర్వాత ఒక ఆక్సిజన్ ఉన్న చెయ్యి పెట్టారు. పట్టు పెరిగింది. రెండు ఆక్సిజన్లు ఉన్న చెయ్యి పెట్టారు. ఉత్త గొలుసుతో పోలిస్తే పట్టు పది రెట్లకు పైగా పెరిగింది. ఇంకా పొడుగు చేస్తే ఇంకా పెరగాలి కదా? పెరగలేదు. మూడు, నాలుగు ఆక్సిజన్లు పెడితే కాస్త తగ్గింది. మరీ పొడుగు చెయ్యి అటూ ఇటూ ఊగుతుంది. సరైన చోట ఆక్సిజన్ నిలవదు. చెయ్యి ఉంటే చాలదు, అందాల్సిన చోటికి అందాలి. వలయానికి ఎలా సైజు కుదరాలో, చేతికి అలా పొడవు కుదరాలి.

మరో మాట కూడా చెప్పాలి. చేతికి పట్టే గుణం ఉండాలి. ఉత్త గొలుసు పట్టదు. ఆక్సిజనో, నైట్రోజనో, ఆమ్లపు కొసో ఏదో ఒకటి ఉండాలి. ఆ కొసను మార్చి చేతికి కొత్త పనులు నేర్పారు శాస్త్రవేత్తలు.

అమెరికాలోని టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ బార్ట్ష్ బృందం చెయ్యి కొసన ఆమ్ల సమూహం పెట్టింది. ఆ ఆమ్లం నుంచి హైడ్రోజన్ అయాన్ ఊడిపోతే చెయ్యికి ఋణావేశం వస్తుంది. లోహపు అయాన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. ద్రవానికి కొంచెం ఆమ్లం కలిపామనుకోండి. హైడ్రోజన్ అయాన్ తిరిగి వచ్చి చేతిలో కూర్చుంటుంది. చెయ్యి పట్టు విడుస్తుంది. లోహం బయటికి వస్తుంది. అదే అణువును మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. ఒక ద్రవంలోంచి లోహాన్ని లాగి మరో ద్రవంలోకి దింపడానికి ఇంతకన్నా ఏం కావాలి?

గోకెల్, ఆయన సహచరులు 1983లో మరో దారి చూపించారు. చెయ్యి కొసన నైట్రోబెంజీన్ పెట్టారు. మామూలుగా దానికి పెద్ద పట్టు లేదు. కరెంటు ద్వారా ఒక ఎలక్ట్రాన్ ఇచ్చారు. వెంటనే చెయ్యికి ఋణావేశం వచ్చింది. సోడియం మీద పట్టు పెరిగింది. ఇక్కడ కూడా అందడం ముఖ్యమే. నైట్రో సమూహం వలయానికి దగ్గరి మూలలో ఉంటే పనిచేసింది. దూరపు మూలలో పెడితే అయాన్‌కు అందలేదు. అదే సమూహం, అవే పరమాణువులు. చోటు ఒక్కటే తేడా.

ఇంతవరకూ సోడియం, పొటాషియం కథ. ఇప్పుడు ఆసుపత్రిలోకి వెళ్దాం. ఈ చేతులున్న వలయాలు ఈ రోజు మనుషుల ప్రాణాలతో ముడిపడి ఉన్నాయి.

ఆక్టీనియం-225 అని ఒక రేడియోధార్మిక లోహం ఉంది. దాని అర్ధాయువు సుమారు 10 రోజులు. అది క్షీణిస్తూ పోయే క్రమంలో నాలుగు ఆల్ఫా కణాలు వెలువడతాయి. ఆల్ఫా కణం ఒంట్లో దూరం పోదు. మిల్లీమీటరులో పదో వంతు లోపే ఆగిపోతుంది. ఆ కొద్ది దూరంలో మాత్రం జీవకణాలను చంపేస్తుంది. క్యాన్సర్ కణం దగ్గరికి దీన్ని చేర్చగలిగితే, ఆ కణం చస్తుంది, పక్కవి చాలావరకు బతుకుతాయి. అయితే ఆక్టీనియం విడిగా రక్తంలో తిరిగితే కాలేయంలోనూ ఎముకల్లోనూ పేరుకుంటుంది. మంచి కణాలు నాశనమవుతాయి. కాబట్టి చేరాల్సిన చోటికి చేరేదాకా దాన్ని వదలని అణువు కావాలి.

ఆక్టీనియం అయాన్‌కు మూడు ధనావేశాలు. అలాంటి అయాన్లలో ఇది అన్నిటికన్నా పెద్దది. అంతకుముందు వాడిన అణువుతో దీన్ని పట్టించాలంటే వేడి చేయాల్సి వచ్చేది. క్యాన్సర్ కణాన్ని వెతికిపట్టి ఈ అణువును అక్కడికి చేర్చే యాంటీబాడీలు ప్రొటీన్లు. ప్రొటీన్ వేడికి చెడిపోతుంది. అక్కడ పని ఆగింది.

2017లో అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో జస్టిన్ విల్సన్ బృందం మాక్రోపా అనే అణువును ఇందుకు వాడి చూపించింది. ఈ అణువును అంతకుముందే స్పెయిన్ శాస్త్రవేత్తలు లాంతనం జాతి లోహాల కోసం అధ్యయనం చేశారు. మాక్రోపా అంటే ఏమిటో తెలుసా? మన 18-క్రౌన్-6 వలయమే. ఎదురెదురుగా ఉన్న రెండు ఆక్సిజన్ల స్థానంలో రెండు నైట్రోజన్లు. ఒక్కో నైట్రోజన్‌కు ఒక్కో చెయ్యి. ఒక్కో చేతికి రెండు పట్టుకొమ్మలు, ఒక నైట్రోజన్, ఒక ఆక్సిజన్. వలయంలో ఆరు, చేతుల్లో నాలుగు. మొత్తం పది చోట్ల పట్టు. ఆక్టీనియాన్ని ఇది గది ఉష్ణోగ్రతలోనే, 5 నిమిషాల్లో పట్టుకుంది. వేడి అక్కర్లేకపోయింది.

ఇందులో విశేషం ఇంకోటి ఉంది. మాక్రోపా పెద్ద అయాన్లనే గట్టిగా పట్టుకుంటుంది. చిన్న అయాన్ల మీద దాని పట్టు తక్కువ. వలయం సైజు చూస్తుందని ముందే చెప్పుకున్నాం కదా. చేతులు రెండున్నా, పది పట్టుకొమ్మలున్నా, వలయం తన ఎంపిక మానుకోలేదు.

చిన్న అయాన్ల కోసం మరో చేతుల వలయం ఉంది. పేరు డోటా. 1976లో హెర్మన్ స్టెటర్, ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు దీన్ని ప్రకటించారు. ఇది క్రౌన్ ఈథర్ కాదు, దానికి దగ్గరి చుట్టం. 12 పరమాణువుల వలయం. ఆక్సిజన్ల బదులు నాలుగు నైట్రోజన్లు. నాలుగింటికీ నాలుగు చేతులు. ప్రతి చెయ్యి కొసన ఆమ్లపు ఆక్సిజన్. కొన్ని రకాల క్యాన్సర్‌కు వాడే లుటీషియం-177ను మోసుకెళ్లేది ఇదే. ఆ లుటీషియం మన దేశంలో, ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో కూడా తయారవుతోంది.

ఇక మనలో చాలామందికి నేరుగా సంబంధించిన మాట. ఎంఆర్‌ఐ స్కాన్ చేసేటప్పుడు కొందరికి చేతి నరం ద్వారా ఒక మందు ఎక్కిస్తారు. కాంట్రాస్ట్ అంటారు. అందులో ఉండే లోహం గాడోలినియం. స్కాన్ బొమ్మలో తేడాలు స్పష్టంగా కనిపించడానికి అది సాయపడుతుంది. గాడోలినియం అయాన్ సైజు కాల్షియానికి దగ్గరగా ఉంటుంది. విడిగా ఒంట్లో తిరిగితే కాల్షియం చేసే పనులకు అడ్డం పడుతుంది. అంటే విషం. అందుకని దాన్ని ఒక అణువుతో గట్టిగా పట్టించి ఇస్తారు. పని అయ్యాక కిడ్నీలు దాన్ని మూత్రంలో పంపేస్తాయి.

ఈ పట్టుకునే అణువులు రెండు రకాలు. ఒక రకంలో వలయం లేదు. పొడుగాటి గొలుసు మాత్రమే అయాన్‌ను చుట్టుకుని ఉంటుంది. అంటే ఉత్త చేతులే, కుదురు లేదు. రెండో రకం డోటా లాంటివి. కుదురూ ఉంది, చేతులూ ఉన్నాయి. కిడ్నీలు బాగున్నవాళ్లలో మందు త్వరగా బయటికి పోతుంది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లలో అది చాలాసేపు ఒంట్లోనే ఉండిపోతుంది. అంతసేపట్లో గొలుసు రకం పట్టు సడలి గాడోలినియం బయటపడే ప్రమాదం ఎక్కువ. 2006లో వైద్యులు ఒక సంగతి గుర్తించారు. కిడ్నీ బాగా దెబ్బతిన్న రోగుల్లో కొందరికి చర్మం, కీళ్లు గట్టిపడే తీవ్రమైన జబ్బు వస్తోంది. దానికీ ఈ కాంట్రాస్ట్‌కూ సంబంధం ఉంది. ఆ తర్వాత జాగ్రత్తలు పెరిగాయి. గొలుసు రకం మందులు ఒంట్లో కొంత గాడోలినియాన్ని మిగిలిస్తున్నాయని తేలడంతో, 2017లో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ వాటిలో కొన్నిటిని నిలిపివేయించింది. కొన్నిటిని కాలేయం స్కాన్ లాంటి ప్రత్యేక అవసరాలకు పరిమితం చేసింది. వలయం రకం మందులు కొనసాగుతున్నాయి.

ఈ మాట నేను ఊరికే చెప్పడం లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదిపేసిందో మనకు తెలుసు. షుగరు, బీపీ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లకు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఎంఆర్‌ఐ అవసరం పడవచ్చు.

కాబట్టి శ్రోతలారా, ఒక విన్నపం. మీకు గాని, మీ ఇంట్లో పెద్దవాళ్లకు గాని కాంట్రాస్ట్‌తో ఎంఆర్‌ఐ తీయాలని డాక్టరు చెబితే భయపడి మానేయకండి. అవసరమైన స్కాన్ మానేయడం ఇంకా ప్రమాదం. కిడ్నీ జబ్బు ఉంటే ఆ మాట ముందే చెప్పండి. డయాలసిస్ మీద ఉంటే తప్పకుండా చెప్పండి. ఎక్కించేది వలయం రకం మందేనా అని అడగండి. మాక్రోసైక్లిక్ అని అడిగినా అక్కడివాళ్లకు అర్థమవుతుంది. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. స్కాన్‌కు వెళ్లేటప్పుడు ఈ మధ్య చేయించుకున్న, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కాగితం వెంట తీసుకెళ్లండి.